చైను లాకు తల ఎటువైపు

నకరికల్లు,
20-7-1986.

చిరంజీవి అంకమ్మరావుకు,

వదిన సుబ్బరత్నం దీవెనలు. ఇక్కడ నేను, అత్తయ్య, గేదె, దూడ అందరం బాగున్నాం. మీ అన్నయ్య లారీ రాయచూరులో ఉందట. లారీ బాగుంటే ఆయనా బాగున్నట్టే. బాగా లేనిది ఒక్కటే, నీ మోటారు సైకిలు. దాని చైను తెగింది.

ఉగాదికి నువ్వు బండిని మా వసారాలో పెట్టి వెళ్తూ గోడకు అతికించిన కాగితం ఇంకా అలాగే ఉంది. "ఎవరూ ముట్టరాదు. వారానికొకసారి స్టార్టు చేయవలెను." ముట్టకుండా స్టార్టు చేయడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలియలేదు గానీ, నీ మాట జవదాటలేదు. మొన్న శుక్రవారం అలాగే స్టార్టు చేస్తుంటే టప్పున తెగిపోయింది.

అత్తయ్య అన్నం మానేసినంత పని చేసింది. "నా బిడ్డ బండికి ఏం తక్కువ చేశానే? వారం వారం కందెన పెడతానే ఉన్నానే" అని ఒకటే గొడవ. ఎద్దుల బండి ఇరుసుకు పెట్టే కందెనే అది, ఆముదంలో గడ్డి మసి కలిపింది. మీ నాన్నగారి బండికి ముప్పై ఏళ్ళు తన చేత్తోనే పెట్టిందట. నీ చైనుకు కూడా దోసిళ్ళతో పట్టించింది.

సత్తెనపల్లిలో సత్తార్ షాపుకు తీసుకెళ్దామంటే ట్రాక్టరులో ఎక్కించాలి, ఊరంతా చూస్తుంది. ఇదివరకు నువ్వు వచ్చినప్పుడల్లా నల్లటి చేతులు చూపించి "చైను నేనే మార్చాను వదినా, సబ్బు ఇవ్వు" అనేవాడివి కదా. ఆ పని ఇంటి దగ్గరే ఎలా చేయాలో వివరంగా రాయి.

సబ్ సెంటరులో నా ఉద్యోగం మామూలే. ఐదు పల్లెలు, టీకాలు, కాన్పులు. మోకాళ్ళ నొప్పులు మాత్రం ఏప్రిల్ నుంచి చాలా తగ్గాయి. బండిలో పెట్రోలు కూడా అయిపోయింది. ఎండలకు ఆవిరై ఉంటుంది.

ఇట్లు,
నీ వదిన సుబ్బరత్నం.


మాచర్ల,
2-8-1986.

గౌరవనీయులైన వదినగారికి,

అంకమ్మరావు నమస్కారములు. మీ ఉత్తరం చేరింది. చదివి ఆశ్చర్యపడ్డాను. స్టాండు మీద కదలకుండా ఉన్న బండికి చైను తెగడం నేను ఎక్కడా వినలేదు. మూత బిగించిన ట్యాంకులో మూడు లీటర్ల పెట్రోలు ఆవిరి కావడం కూడా వినలేదు. పెద్దవారు రాశారు కనుక నమ్ముతున్నాను.

ఆ బండి రెండేళ్ళ మిరపకాయల కష్టమని మీకు తెలుసు. అయినా దాన్ని మీ ఇంట్లో ఎందుకు పెట్టానో కూడా తెలుసు. మా క్వారీ యజమాని వీరయ్యగారు లక్షాధికారి అయి ఉండీ సైకిలు మీద వస్తారు. హాజరు పట్టీ రాసే గుమస్తాను నేను మోటారు సైకిలు మీద దిగితే మర్యాదగా ఉండదు. అందుకే దాన్ని అమ్మేయాలని నిర్ణయించాను. వీరయ్యగారి అల్లుడు గురజాల నుంచి దసరా నాడు మీ ఇంటికి వచ్చి, బండి నడిపి చూసి తీసుకెళ్తారు. మాట ఇచ్చేశాను. అప్పటికి చైను వేసి సిద్ధంగా ఉంచండి.

ఇక పని విషయం. బండిని స్టాండు వేసి, వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని కొంచెం ముందుకు నెట్టండి. పాత చైను లాకు తీసి, దాని కొసకు కొత్త చైను తగిలించండి. పాతదాన్ని రెండో వైపు నుంచి లాగుతుంటే కొత్తది ఇంజను దగ్గరున్న పళ్ళచక్రం చుట్టి దానంతటదే వస్తుంది. తరువాత రెండు కొసలు కలిపి లాకు వేసి, చక్రం వెనక్కి లాగి బిగించాలి. నాకైతే పావుగంట పని. చైను గుంటూరు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. అమ్మను కందెన మానవద్దనండి, మంచిదే.

సత్తార్ దగ్గరకు మాత్రం వెళ్ళవద్దు. ఇంత చిన్న పనికి ఆయన్ని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
విధేయుడు అంకమ్మరావు.


నకరికల్లు,
17-8-1986.

చిరంజీవి అంకమ్మరావుకు,

చైను అందింది. బస్సు డ్రైవరు పొట్లం చేతికిస్తూ "ఏందమ్మా, ఇనప జంతికలా?" అన్నాడు.

నువ్వు రాసినట్టే నట్లు వదులు చేశాను. చక్రం నెట్టాను. ఆ తరువాత పాత చైను కొసకు కొత్త చైను తగిలించమన్నావు. తెగిపోయిన చైనుకు ఏ కొసకు తగిలించాలి నాయనా? అది రాళ్ళపాలెం దారిలో కల్వర్టు పక్కన కంపచెట్లలో పడి ఉంది.

రాసేశాను కాబట్టి ఇక దాచేదేముంది. బండి తీశాను. ఒక్కసారే. అంటే మొదటిసారి ఒక్కసారే, ఆ తరువాత లెక్క పెట్టలేదు. నేర్పింది ముంతాజ్. మా పక్కింట్లో బట్టలు కుడుతుందే, సత్తార్ కూతురు, ఆ పిల్లే. పుట్టింట్లో ఉన్నప్పుడు రిపేరుకు వచ్చిన ప్రతి బండినీ షాపు వెనక సందులో నడిపి చూసేదట. కాయ కోసేసిన మిరప చేలో నాకు నేర్పింది. చీర కాసెపోసి కట్టుకుంటాను, కాబట్టి ఆ దిగులు పెట్టుకోకు. అత్తయ్యకు తెలిస్తే చంపేస్తుందని పది రోజులు భయపడ్డాను. పదకొండో రోజు ఎదురొచ్చి "నన్ను శుక్రవారం సంతకు దించవే, బస్సులో నిలబడలేకపోతన్నా" అంది. అప్పటినుంచి వెనక సీటు ఆవిడది. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటుంది, దిగాక మాత్రం స్పీడు చాలలేదంటుంది.

ఇప్పుడు నవ్వు మాని ఒక మాట చెబుతాను. రాళ్ళపాలెం నాలుగు మైళ్ళు. బస్సు లేదు. నడిస్తే గంటన్నర, బండి మీద పావుగంట. నిరుడు శివరాత్రి ముందు అక్కడ ఒక కాన్పుకు నడిచే వెళ్ళాను. నేను చేరేసరికి ఆ పిల్ల ఒళ్ళు చల్లబడింది. పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఆ నీళ్ళు నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు. బండి అమ్మొద్దు అంకమ్మరావూ. నీకు అక్కర్లేకపోతే నా దగ్గరే ఉండనీ. నేను నిన్ను ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

ఇక చైను సంగతి. కొసకు తగిలించడానికి ఏమీ లేదు కనుక బ్యాండేజీ గుడ్డ పొడుగ్గా చించి, పళ్ళచక్రం వెనక నుంచి దూర్చి, కాన్పుల సంచిలోని ఫోర్సెప్సుతో ఇవతలికి లాగాను. ఆ గుడ్డకు కొత్త చైను కట్టి లాగితే మర్యాదగా తిరిగి వచ్చింది. నీ పావుగంట పని నాకు రెండున్నర గంటలు పట్టింది. మీ అన్నయ్య ఆ మధ్యాహ్నమే దిగాడు, మంచం మీద పడుకుని చూస్తూ "లారీలకు చైన్లుండవే" అని నిద్రపోయాడు.

లాకు దగ్గర ఆగాను. అది చూడటానికి చేపపిల్లలా ఉంది. ఒక కొస గుండ్రం, రెండో కొస చీలి ఉంది. ఏ కొస ముందుకు ఉండాలి? ముంతాజ్‌ను అడుగుదామంటే వాళ్ళ నాన్న కంటి ఆపరేషనుకు సత్తెనపల్లి వెళ్ళింది, నెల దాకా రాదు. వెంటనే రాయి. కార్డు మీద రాయొద్దు. మన పోస్టుమాన్ తను చదివాకే మనకిస్తాడు.

ఇట్లు,
వదిన.


మాచర్ల,
24-8-1986.

వదినగారికి,

కవరులోనే రాస్తున్నాను. మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మన ఇంటి ఆడమనిషి మోటారు సైకిలు నడపడమా? వెనక మా అమ్మా? నలుగురూ చూసి ఏమనుకుంటారు? అన్నయ్య తరఫున నేనే సిగ్గుపడ్డాను, ఆయనకు ఎలాగూ తీరికుండదు.

మీ ఉద్యోగానికి బండి అవసరమైతే గవర్నమెంటువారే ఇచ్చేవారు. ఇవ్వలేదంటే అవసరం లేదనే కదా. అమ్మకం విషయంలో మార్పు లేదు. దసరా దాకా బండి మీద గుడ్డ తీయవద్దు.

లాకు గురించి అడిగారు. ఇది అనుభవం మీద తెలిసే విషయం. చీలి ఉన్న కొస దాని నోరు. ఏ ప్రాణి అయినా నోరు ముందు పెట్టుకునే నడుస్తుంది, వెనక పెట్టుకుని నడవదు. కనుక చీలిక ముందుకు, ఇంజను వైపుకు ఉండేలా వేయండి. నేను ఎప్పుడూ అలాగే వేస్తాను.

ఇట్లు,
అంకమ్మరావు.


నకరికల్లు,
15-9-1986.

అంకమ్మరావుకు,

ఈసారి దీవెనలు లేవు. అవి రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు చెప్పినట్టే చీలిక ముందుకు పెట్టి లాకు వేశాను. గుడ్డ తీయవద్దన్నావు, తీశాను. పోయిన మంగళవారం పొద్దున్నే రాళ్ళపాలెం నుంచి శేషమ్మ మొగుడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. వాళ్ళ కూతురు మణెమ్మకు నొప్పులు మొదలై రాత్రంతా అయిందట. అతని సైకిలు కంటే ముందే చేరతానని బయలుదేరాను. రెండు మైళ్ళు బ్రహ్మాండంగా వెళ్ళింది. ఆ కల్వర్టు దాటగానే ఏదో ఎగిరి నా కాలికి తగిలింది. మరుక్షణం చైను ఊడి వెనక చక్రంలో పడింది. బండి ఒకవైపు, నేను ఒకవైపు. మోకాలు చీరుకుంది. సంచి తీసుకుని పరుగెత్తాను. రెండు మైళ్ళు, కంకర రోడ్డు మీద, చెప్పులు చేత పట్టుకుని. శివరాత్రినాటి ఆ పిల్ల మొహమే దారి పొడుగునా కనబడింది.

నేను వెళ్ళేసరికి బిడ్డ బయటికి వచ్చేసింది. మెడకు పేగు చుట్టుకుని నీలంగా ఉంది, ఏడుపు లేదు. ముసలమ్మలు అప్పటికే చేటలో పెట్టి గుడ్డ కప్పబోతున్నారు. పేగు తీసి, నోరు తుడిచి, ఊపిరి ఊదాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఏడ్చింది. అది ఏడ్చాక నేనూ ఏడ్చాను. ఇద్దరూ బతికారు, తల్లీ, బిడ్డా. ఇంకో నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఆ చేట మీద గుడ్డ కప్పేసి ఉండేవాళ్ళు.

నిన్న ముంతాజ్ వచ్చింది. లాకు ఎలా వేశానో చెప్పాను. తల మీద చెయ్యి వేసుకుంది. "అది నోరు కాదక్కా, తోక! చేప తల గుండ్రం వైపు. చైను పైన ఇంజను వైపు పోతదా? చేప కూడా అటే ఈదాల. తోక ముందు పెడితే రోడ్డు మీద ఏ రాయి తగిలినా ఊడి వత్తది. మా నాన్న షాపులో ఆరేళ్ళ పిల్లకాయను అడిగినా చెబుతాడు" అంది.

ఇంకోటి కూడా చెప్పింది. మొదటి చైను తెగింది అత్తయ్య కందెన వల్లేనట. ఇరుసుకైతే కందెన ఎంత పెడితే అంత మంచిది. చైనుకు అంత పెడితే మన రోడ్ల సున్నపురాయి దుమ్మంతా దానికి అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుందట. "మంచిదే, మానవద్దు" అని రాశావు నువ్వు.

"మరి మా మరిది చైను మార్చుకునేవాడు కదా, ఆ మాత్రం తెలియదా?" అన్నాను. ముంతాజ్ పడీ పడీ నవ్వింది. "అంకమ్మరావన్నా? చైను మార్చినంతసేపూ ఎదురుగా టీ కొట్లో కూర్చునేవోడు. చివర్లో వచ్చి పాత చైను మీద గ్రీజు చేతులకు పూసుకుని 'వత్తా సత్తార్ భాయ్' అని పోయేవోడు. మా నాన్న ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు" అంది.

ఆ చేతులకు సబ్బు ఇచ్చింది నేనే. దానికి కోపం లేదు. తెలియదని ఒక్క మాట రాసి ఉంటే నేనే సత్తెనపల్లి వెళ్ళి కనుక్కునేదాన్ని. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశావు చూడు, ఆ కోపం మాత్రం తగ్గడం లేదు. లాకు సంగతి ఎవర్ని అడిగి రాశావు? నిజం చెప్పు.

సుబ్బరత్నం.


మాచర్ల,
22-9-1986.

వదినా,

ఎవర్నీ అడగలేదు. ఊహించి రాశాను. ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చించాను.

నీ ఉత్తరం చదివినప్పటినుంచి ఆ చేట కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆ బిడ్డకు ఏమన్నా అయ్యుంటే నేను ఎవరికీ మొహం చూపించలేకపోయేవాణ్ణి. నన్ను తిట్టు, ఇంకా తిట్టు. తక్కువ తిట్టావు.

మొదటి ఉత్తరంలో రాసిందంతా చైను అమ్మిన షాపతను చెప్పింది. లాకు గురించి అడగడానికి మళ్ళీ వెళ్ళాల్సింది. ఆ షాపు పక్కనే మెకానిక్ ఉంటాడు. అతనికి నా మొహం చూపించలేను. ఎందుకో చెబుతాను. మా అమ్మకు చెప్పొద్దు.

వీరయ్యగారు సైకిలు మీద వచ్చే మాట నిజమే. కానీ నేను దేని మీద వచ్చేదీ ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. నేను బండి మీద నుంచి పడ్డాను వదినా. ఉగాదికి ముందు, మాచర్ల బస్టాండు ఎదురుగా, సంత రోజు. నాపరాళ్ళ ట్రాక్టరు అడ్డం వచ్చిందని అందరికీ చెప్పాను. నిజానికి అది ఆగి ఉంది. డ్రైవరు పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. కానీ మరునాడు బండి ఎక్కితే కాళ్ళూ చేతులూ వణికాయి. ఆ మరునాడూ అంతే. నేను బండి నడుపుకుంటూ మీ ఇంటికి వచ్చానని మీరు అనుకున్నారు. అన్నయ్య లారీలో ఎక్కించి ఊరి బయట దింపించుకుని, అక్కడినుంచి తోసుకొచ్చాను. అన్నయ్య ఎవరికీ చెప్పలేదంటే మంచితనం కాదు, నిద్రపోయి మర్చిపోయి ఉంటాడు.

ఆ మెకానికే నన్ను లేపి కూర్చోబెట్టింది. ఇప్పటికీ కనబడితే "ఏంది గుమస్తాగారూ, ట్రాక్టరు బాగుందా?" అంటాడు. అందుకే అటు పోలేదు. నా సిగ్గు కోసం నీ ప్రాణం, ఆ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను. బండి అమ్మాలనుకున్నది కూడా అందుకే. కళ్ళ ముందు లేకపోతే ఎవరూ అడగరు కదా అని.

ఇప్పుడు అమ్మొద్దనే ఉంది. కానీ ఆ అల్లుడుగారు గురజాలంతా చెప్పుకున్నారట, దసరాకు బండి తెచ్చుకుంటున్నానని. ఇప్పుడు కాదంటే వీరయ్యగారి దగ్గర నా ఉద్యోగం నిలవదు. మాట వెనక్కి తీసుకునే ధైర్యం కూడా నాకు లేదు వదినా. బండి ఎక్కలేనివాడికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది. నువ్వు ఎలా చేసినా నాకు సమ్మతమే.

అంకమ్మరావు.


నకరికల్లు,
16-10-1986.

చిరంజీవి అంకమ్మరావుకు,

వదిన దీవెనలు, బాకీపడ్డవి కూడా కలిపి.

మీ యజమానిగారి అల్లుడు దసరా నాడు పది గంటల బస్సుకు దిగాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు. అప్పటికి అత్తయ్య బండికి ఆయుధపూజ చేసి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కందెన గిన్నె కూడా తెచ్చింది గానీ ముంతాజ్ లాక్కుంది.

బండిని ఎలాగైనా చెడగొట్టి చూపిద్దామని ముంతాజ్ సలహా ఇచ్చింది. ప్లగ్గు వదులు చేస్తే చాలట. నాకు మనసొప్పలేదు. నువ్వు మాటిచ్చావు, అతను దూరం నుంచి వచ్చాడు. పైగా అంత కష్టపడి వేసిన చైను, అది బాగాలేదని అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. పోతే పోయిందని అనుకున్నాను. చెప్పొద్దూ, పొద్దున్న గేదె దగ్గర నిలబడి కాసేపు ఏడ్చాను కూడా.

అతను చుట్టూ తిరిగి చూసి "పండగ పూట ఈ ప్యాంటుతో నేను ఎక్కను. నడిపి చూపించండి, ఎవరైనా మగోళ్ళు ఉన్నారా?" అన్నాడు. మీ అన్నయ్య వసారాలో నిద్ర. అత్తయ్య లేచి "మగోళ్ళెందుకయ్యా, మా కోడలు చూపిత్తది, ఎనక కూర్చో. భయమైతే కళ్ళు మూసుకో" అంది. అతను పౌరుషానికి కూర్చున్నాడు. రాళ్ళపాలెం దాకా తీసుకెళ్ళాను. ఆ రోడ్డు మీద బాగుంటే ఎక్కడైనా బాగుంటుందని. కల్వర్టు దాటాను. ముంతాజ్ తెచ్చిన కొత్త లాకు ఈసారి తల ముందుకు పెట్టి వేశాను కదా, చైను చప్పుడు చేయలేదు. అతను వెనక నుంచి "చానా బాగుందండీ, బండి సూపరు" అన్నాడు. ఇక బండి చెయ్యి దాటిపోయినట్టే అనుకున్నాను.

రాళ్ళపాలెంలో ఆగగానే పిల్లలంతా "నర్సమ్మ బండొచ్చింది" అని చుట్టుముట్టారు. శేషమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చి అతనికి చూపించింది. మజ్జిగ ఇస్తూ "ఈ నర్సమ్మ బండి తమరు కొంటన్నారంటగా? ఎక్కడ కనబడినా గుర్తు పడతాంలే బాబూ. గురజాల సంతకు మేమూ వత్తాంగా" అంది. పక్కనున్న ముసలాయన "ఆడోళ్ళ బండి కదా, తేలిగ్గా ఉంటది, మీకు బాగానే ఉంటదిలే" అని అభిమానంగా చెప్పాడు.

మజ్జిగ తాగడం ఆగిపోయింది. ఇంటి దగ్గర దిగి, కళ్ళద్దాలు తుడుచుకుని అన్నాడు: "బండిలో వంకేం లేదండీ. కానీ ఆడమనిషి నడిపిన బండి కొన్నాడని గురజాలలో తెలిస్తే నాకు తలెత్తుకునే పని ఉండదు. అంకమ్మరావు ముందే చెప్పాల్సింది. మా మామగారితో నేనే చెబుతాను, బండి నాకు నచ్చలేదని."

అలాంటి మాట ఇంకెప్పుడన్నా విని ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆ పూట మాత్రం బూరెలు పొట్లం కట్టి ఇచ్చి, పన్నెండు గంటల బస్సు ఎక్కించి వచ్చాను. నువ్వు మాట తప్పలేదు, నీ ఉద్యోగానికీ ఢోకా లేదు. నలుగురూ చూసి ఏమనుకుంటారని అడిగావు కదా, ఇలా అనుకున్నారు.

దీపావళికి రా. బస్సు దిగి స్టాండు దగ్గరే నిలబడు, నేనొచ్చి ఎక్కించుకుంటాను. పడినవాళ్ళందరికీ కొన్నాళ్ళు వణుకుతుంది. నేను మిరప చేలో ఏడుసార్లు పడ్డాను, ముంతాజ్ లెక్కపెట్టింది. మొదట నా వెనక కూర్చో. తరువాత సంగతి ఆ చేలోనే చూద్దాం.

ఇట్లు,
వదిన సుబ్బరత్నం.


మాచర్ల,
24-10-1986.
(కార్డు)

వదినకు,

కావాలనే కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ గారు చదివి ఊళ్ళో అందరికీ చెప్పగలరు. నేను బండి మీద నుంచి పడ్డాను. ట్రాక్టరు ఆగే ఉంది. చైను ఏనాడూ నేను మార్చలేదు, మార్చింది మా వదిన. ఆ బండి ఇక మా వదినదే, కాగితాలు మార్పించడానికి సంతకం పెట్టి తెస్తున్నాను.

నిన్న ఆ మెకానిక్ దగ్గరకు నా అంతట నేనే వెళ్ళి లాకు వేయడం నేర్పమన్నాను. తల ముందుకు పెట్టి మూడుసార్లు వేసి చూపించాను. దీపావళి ముందు రోజు నాలుగు గంటల బస్సుకు దిగుతాను. కొంచెం మెల్లగా నడుపు.

అంకమ్మరావు.